నాకౌట్‌కు మూడు వారాలే ఉంటే: హైస్కూల్ ఫుట్‌బాల్ జట్టును సిద్ధం చేయడం ఎలా?

స్కూల్ గేమ్స్ నెలలు వచ్చాయంటే నా ఫోన్‌కు ఒకే ప్రశ్న పదిమంది నుంచి వస్తుంది. "సార్, లీగ్ దాటేశాం. నాకౌట్‌కు ఇంకా మూడు వారాలుంది. ఇప్పుడేం నేర్పమంటారు?" అడిగేది ఎక్కువగా జడ్పీ హైస్కూళ్ల, గురుకులాల పీఈటీలు. కొందరు లెక్కల మాస్టార్లు కూడా. బడిలో పీఈటీ పోస్టు ఖాళీగా ఉంటే జట్టు ఎవరో ఒకరి మెడకు చుట్టుకోవాలి కదా.

అందరికీ నా జవాబు ఒకటే. కొత్తగా ఏమీ నేర్పకండి. నేర్పే రోజులు జూన్, జూలైతో అయిపోయాయి. మూడు వారాల్లో మీ స్ట్రైకర్‌కు రాని ఆట రాదు. ఓడిపోయే దారులు మాత్రం ఒక్కొక్కటిగా మూసేయొచ్చు. బడి జట్లు నాకౌట్‌లో ఎక్కువగా ఓడేది ఎదుటివాళ్ల గొప్ప ఆటకు కాదు. కార్నర్ దగ్గర ఎవరూ పట్టించుకోని ఒక కుర్రాడి వల్ల ఓడతాయి, పొద్దున తిన్న పూరీల వల్ల ఓడతాయి, పుట్టిన తేదీ తేడా ఉన్న కాగితం వల్ల ఓడతాయి. ఈ మూడూ నా జట్లకు జరిగినవే.

ఇక్కడ చెప్పేదంతా 14 నుంచి 17 ఏళ్ల పిల్లలు, పదకొండు మంది ఆడే ఆట గురించి. అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒకటే పద్ధతి. తేడా ఉన్నచోట చెబుతాను.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- బంతులు కనీసం ఆరు. టోర్నీలో ఏ సైజు వాడతారో కనుక్కుని అదే సైజు. గాలి పంపు, రెండు సూదులు.
- రెండు రంగుల బిబ్స్. లేకపోతే పాత బనియన్లకు రంగు వేసినా చాలు.
- కోన్లు. లేకపోతే ఇసుక నింపిన నీళ్ల సీసాలు. ఇటుకలు మాత్రం పెట్టకండి, కాలు తగిలితే అంతే.
- దండెం తాడు ఒక 30 మీటర్లు. ఎందుకో తర్వాత చెబుతాను.
- గీతలకు ముగ్గు, విజిల్, స్టాప్‌వాచ్ ఉన్న ఫోన్.
- అందరికీ షిన్‌గార్డులు. అట్టముక్కలతో సరిపెట్టకండి.
- క్రేప్ బ్యాండేజీ, దూది, గాయాల మందు, ఐస్ పెట్టె, ఓఆర్‌ఎస్ పొట్లాలు. అమ్మాయిల జట్టయితే ప్యాడ్లు కూడా కిట్‌లోనే ఉండాలి, అడగాల్సిన పని లేకుండా.
- ఒక నోట్‌బుక్. ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా మీకు ఏం జరుగుతోందో తెలియదు.

1. మొదటి రోజు బంతి ముట్టకండి, కాగితాలు ముట్టండి

ఒక ఏడాది మా గోల్‌కీపర్‌ను మ్యాచ్‌కు గంట ముందు పక్కన పెట్టారు. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒకటి, స్టడీ సర్టిఫికెట్‌లో ఇంకొకటి. తప్పు పూర్తిగా నాదే. ఇరవై రోజులు ఆ కాగితాలు నా బ్యాగులోనే ఉన్నాయి, తీసి పక్కపక్కన పెట్టి చూడలేదు. రెండో కీపర్ ఎప్పుడూ పూర్తి మ్యాచ్ ఆడినవాడు కాదు. 0-3.

ప్రతి పిల్లవాడికీ అర్హత పత్రం, స్టడీ సర్టిఫికెట్, ఆధార్ ఒక్కచోట పెట్టి పేరు అక్షరాలు, తండ్రి పేరు, పుట్టిన తేదీ మూడింటిలోనూ ఒకటేనా అని చూడండి. ఫొటో మీద హెడ్‌మాస్టర్ సంతకం, ముద్ర పడ్డాయా చూడండి. ఏదైనా తేడా ఉంటే సరిచేయించుకోవడానికి ఈ మూడు వారాలే గడువు.

అదే రోజు నిర్వాహకులకు ఫోన్ చేసి ఇవి అడిగి రాసుకోండి: సగం ఎన్ని నిమిషాలు? డ్రా అయితే అదనపు సమయం ఉందా, నేరుగా పెనాల్టీలా? ఎంతమందిని మార్చొచ్చు, బయటికి వచ్చినవాడు మళ్లీ దిగొచ్చా? లీగ్‌లో వచ్చిన ఎల్లో కార్డులు లెక్కలోకి వస్తాయా? మైదానం గడ్డా, మట్టా? ఒక్కోచోట ఒక్కో తీరు. "పోయినేడు ఇలాగే ఉంది" అని ఊహించుకోకండి.

క్యాలెండర్ కూడా ముందు పెట్టుకోండి. దసరా సెలవులు మధ్యలో పడితే హాస్టల్ పిల్లలు ఊళ్లకు పోతారు. పరీక్షలు పడితే సాయంత్రాలు పోతాయి. సెలవుల్లో ఊరికి పోయేవాడికి రోజూ ఏం చేయాలో చీటీ మీద రాసి, ఇంట్లోవాళ్ల నంబరు తీసుకుని పంపండి.

2. ఒక మ్యాచ్ పెట్టి లెక్క రాయండి

రెండో రోజు పక్క బడితోనో, సీనియర్లతోనో పూర్తి మ్యాచ్ ఆడించండి. మీరు అరవకండి, రాయండి. నాలుగు గళ్లు చాలు:

- మన సగంలో ఎన్నిసార్లు బంతి పోగొట్టుకున్నాం
- గోల్ మీదికి ఎన్ని షాట్లు కొట్టాం, ఎన్ని కొట్టించుకున్నాం
- కార్నర్లు, ఫ్రీకిక్కులు, త్రోఇన్‌ల నుంచి ఎంత ప్రమాదం వచ్చింది
- చివరి 10 నిమిషాల్లో ఎవరు నడుస్తున్నారు

ఈ పేజీ మడిచి దాచండి. రెండు వారాల తర్వాత ఇదే లెక్క మళ్లీ తీస్తాం. మీ జ్ఞాపకం మీద ఆధారపడకండి. గెలిచిన మ్యాచ్‌లో తప్పులు, ఓడిన మ్యాచ్‌లో మంచి పాసులు ఎవరికీ గుర్తుండవు.

3. మూడు వారాలు ఎలా పంచుకోవాలి

మొదటి వారం రోజుకు 90 నిమిషాలు, ఐదు రోజులు. అందులో రెండు రోజులు గట్టిగా, ఆ రెండూ పక్కపక్కన రాకుండా. రెండో వారం 75 నిమిషాలు. చివరి వారం 45 నుంచి 50 నిమిషాలు, అంతకు మించొద్దు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. చివరి వారం తగ్గించాల్సింది సమయం, వేగం కాదు. 50 నిమిషాలు ఆడినా మ్యాచ్ వేగంతోనే ఆడాలి. "రేపు మ్యాచ్ ఉంది, మెల్లగా ఆడండ్రా" అంటే మర్నాడూ మెల్లగానే మొదలుపెడతారు. మ్యాచ్‌కు ముందు 48 గంటల్లో ఊపిరి ఆడనంత పరుగులు పెట్టించొద్దు. ఓడినందుకో, ఆలస్యంగా వచ్చినందుకో గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు కొట్టించే అలవాటు మీకుంటే ఈ మూడు వారాలు దాన్ని స్టాఫ్‌రూమ్‌లో వదిలేయండి.

దమ్ము కోసం రౌండ్లు అక్కర్లేదు. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గీసి నలుగురి మీద నలుగురిని ఆడించండి. నాలుగు నిమిషాలు ఆట, రెండు నిమిషాలు విశ్రాంతి, ఇలా ఐదు సార్లు. బంతి బయటికి పోగానే ఇంకో బంతి లోపలికి వేసేయండి, ఆట ఆగకూడదు. సరిగ్గా ఆడారా లేదా అని చూడాలంటే నాలుగో విడతలో మాట్లాడించండి. పూర్తి వాక్యం చెప్పగలిగాడంటే ఒళ్లు దాచుకుంటున్నాడు.

మొదటి వారంలో రెండుసార్లు పావుగంట బలహీనమైన కాలితోనే ఆడే మ్యాచ్ పెట్టండి. ఇది నా సొంత తెలివి కాదు. భారత జట్టుకు 1951, 1962 ఏషియన్ క్రీడల్లో స్వర్ణాలు తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదు బడిపంతులే. బలహీనమైన కాలితోనే ఆడాలని, డ్రిబ్లింగ్ చేయకూడదని షరతులు పెట్టి ఆయన పోటీలు నడిపేవాడు. డ్రిబ్లింగ్ లేని ఆటను కూడా కలపండి. ముఖ్యంగా బంతి వదలని ఆ ఒక్క కుర్రాడు మీ జట్టులోనూ ఉంటే. ఉంటాడు.

4. వెనక నలుగురినీ తాడుతో కట్టండి

నిజంగా కట్టడం కాదు. దండెం తాడు మీద 8, 10 మీటర్లకు ఒక ముడి వేసి, నలుగురు డిఫెండర్లూ ఒక్కో ముడి చేత్తో పట్టుకోవాలి. మీరు బంతి తీసుకుని ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు వెళ్లండి. బంతి ఎటుంటే నలుగురూ అటు కదలాలి. తాడు వదులవకూడదు, తెగేంత బిగుసుకోకూడదు. నడకతో పది నిమిషాలు. తాడు పట్టుకుని పరిగెత్తించొద్దు, ఒకడు పడితే నలుగురూ పడతారు.

తర్వాత తాడు తీసేసి అదే కదలిక వేగంగా. తర్వాత నలుగురు ఫార్వర్డ్‌లను ఎదురు పెట్టండి.

తప్పులు ఇక్కడ దాదాపు ఎప్పుడూ రెండే. ఒకటి, అందరూ బంతి మీదికి తేనెటీగల్లా మూగడం. రెండోది, నలుగురిలో ఒకడు వెనకే ఉండిపోయి ఆఫ్‌సైడ్ (ఎదుటి ఫార్వర్డ్ మన డిఫెన్స్‌ను దాటి ముందే నిలబడి బంతి అందుకునే తప్పు) పాడుచేయడం. రెండోది కనిపెట్టాలంటే మీరు టచ్‌లైన్ (మైదానం పక్క గీత) మీద, ఆఖరి డిఫెండర్‌కు సరిగ్గా పక్కన నిలబడి చూడాలి. గోల్ వెనక నుంచి కనిపించదు.

టీవీలో చూసి ఫార్మేషన్ మార్చకండి. లీగ్ అంతా 4-4-2 (నలుగురు డిఫెండర్లు, నలుగురు మధ్యలో, ఇద్దరు ఫార్వర్డ్‌లు) ఆడి, క్వార్టర్‌ఫైనల్‌కు ముగ్గురు డిఫెండర్లతో దిగిన జట్టును చూశాను. హాఫ్‌టైమ్‌లోపే వాళ్ల వింగ్‌బ్యాక్ "సార్, నేనెక్కడుండాలి?" అని లైన్ దగ్గరికొచ్చి అడిగాడు.

5. ఆగిన బంతి మీద సగం శ్రమ పెట్టండి

మూడు వారాల్లో నిజంగా మెరుగయ్యేది ఇదే. ఎదుటివాడు అడ్డుపడని చోట, బంతి ఆగి ఉన్నప్పుడు, ఎవరేం చేయాలో ముందే తేల్చుకోవచ్చు. రోజుకు 20 నిమిషాలు, తప్పకుండా.

మన కార్నర్లు: రెండు రకాలు చాలు. ఒక చెయ్యెత్తితే దగ్గరి పోస్టుకు, రెండు చేతులెత్తితే పొట్టి పాస్. మూడో రకం నేర్పితే మూడూ మరిచిపోతారు. ముఖ్యమైన సంగతి, ఇద్దరు డిఫెండర్లు సెంటర్ సర్కిల్ దగ్గరే ఉండాలి. మన కార్నర్ నుంచే మన మీద గోల్ పడడం బడి ఆటలో మామూలు విషయం, అందరూ గోల్ కొట్టాలని లోపలికి పరిగెత్తుతారు.

ఎదుటివాళ్ల కార్నర్లు: దగ్గరి పోస్టుకు ఒకడు, గోల్ ఎదురుగా ఆరు గజాల గీత మీద ముగ్గురు, వాళ్ల పొడవైన ముగ్గురికి మన ముగ్గురు, బాక్సు (గోల్ ముందున్న పెనాల్టీ ఏరియా) అంచున ఒకడు. పేర్లతో చెప్పండి. "ఎవరో ఒకరు పట్టుకోండ్రా" అంటే ఎవరూ పట్టుకోరు.

హెడర్ల విషయంలో జాగ్రత్త. ఇంగ్లండ్‌లో 2020 నుంచి పిల్లల ప్రాక్టీసులో హెడర్లకు పరిమితులు పెట్టారు. స్థానాలు, కదలికలు నేర్పేటప్పుడు బంతిని చేత్తో పట్టుకోమనండి. తలతో కొట్టడం వారానికి ఒక్క రోజు, మనిషికి నాలుగైదు సార్లు చాలు.

త్రోఇన్: నేరుగా త్రోఇన్ అందుకునేవాడికి ఆఫ్‌సైడ్ లేదు. గోల్‌కిక్, కార్నర్‌కు కూడా అంతే. ఇది తెలిసిన జట్టు ఎదుటి సగంలో ప్రతి త్రోనూ వాడుకుంటుంది. త్రోలో వెనక కాలు లేపడం, చేతులు తల వెనక నుంచి తేకపోవడం అనే రెండు తప్పులకు బంతి అప్పనంగా పోతుంది. పదకొండు మందితోనూ తలా ఐదు త్రోలు వేయించి చూడండి, ముగ్గురైనా దొరుకుతారు.

నిబంధనల్లో ఇంకొన్ని పిల్లలకు చెప్పే తీరాలి. గోల్‌కిక్‌ను బాక్సు లోపలే మనవాడికి ఇవ్వొచ్చు, 2019 నుంచి బయటికి దాటనక్కర్లేదు. ఫ్రీకిక్కుకు రిఫరీ చెయ్యి పైకెత్తి ఉంచాడంటే అది ఇండైరెక్ట్, నేరుగా గోల్‌లోకి కొడితే లెక్కకు రాదు. గోల్‌కీపర్ బంతిని చేతుల్లో 8 సెకన్లకు మించి పట్టుకుంటే 2025-26 నిబంధనల ప్రకారం ఎదుటివాళ్లకు కార్నర్. మీ టోర్నీలో ఇది అమలు చేస్తున్నారో లేదో రిఫరీని ముందే అడగండి.

ఎలా తనిఖీ చేయాలి? పది కార్నర్లు కొట్టించి, డిఫెన్స్ ఎన్నింటిని బాక్సు బయటికి పంపిందో రాయండి. మొదటి వారం నాలుగో ఐదో వస్తాయి. ఏడు దాటేవరకు వదలకండి. తర్వాత బెంచ్ మీద కూర్చున్న కుర్రాడిని పిలిచి అడగండి, "ఇప్పుడు నువ్వు దిగితే కార్నర్ దగ్గర ఎవరి పక్కన నిలబడతావురా?" వాడు నీళ్లు నమిలితే మీరు పదకొండు మందికే నేర్పారు. మీ జట్టు పదకొండు మంది కాదు.

6. పెనాల్టీలు అదృష్టం అనకండి

"పెనాల్టీ షూటౌట్ లాటరీ సార్" అని ప్రాక్టీస్ చేయించనివాళ్లు చాలామంది. పెద్ద పెద్ద ఆటగాళ్లు కూడా దాదాపు నాలుగింట ఒకటి పోగొడతారు, నిజమే. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు, చాలామంది ఒట్టి కాళ్లతోనే, ఫ్రాన్స్‌ను వణికించి 1-2తో ఓడారు. ఆ మ్యాచ్‌లో మనవాళ్లు రెండు పెనాల్టీలు పోగొట్టారు. అలాగని వదిలేస్తే మన పిల్లలు నాలుగింట రెండు పోగొడతారు.

రెండో వారం నుంచి ప్రాక్టీసు ఆఖరున, అలిసిపోయి ఉన్నప్పుడు, ఇలా చేయించండి:

జట్టంతా సెంటర్ సర్కిల్‌లో నిలబడాలి. ఒక్కొక్కడే అక్కడి నుంచి నడిచి రావాలి. కాళ్లు వణికేది ఆ నడకలోనే, పెనాల్టీ స్పాట్ దగ్గర వరుసలో నిలబెట్టి కొట్టిస్తే ఆ భయం ఎప్పటికీ అలవాటు కాదు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు. రెండు పోస్టుల నుంచీ మీటరు లోపలికి క్రాస్‌బార్‌కు బిబ్స్ వేలాడదీయండి. ఏ మూలకో వాడు సర్కిల్‌లోనే మీ చెవిలో చెప్పి రావాలి. నడుస్తూ మనసు మార్చుకుంటే గోల్ పడినా లెక్కలోకి రాదు. ఈ ఒక్క షరతు మీద రాజీ పడకండి. పరుగు మధ్యలో కీపర్‌ను చూసి మూల మార్చేవాడే బంతిని కీపర్ చేతుల్లో పెడతాడు.

విజిల్ వేసిన వెంటనే కొట్టక్కర్లేదు, ఒక ఊపిరి తీసుకుని కొట్టమనండి.

ప్రతి కిక్కునూ నోట్‌బుక్‌లో రాయండి. చెప్పిన మూలకు పోయిందా, గోల్ అయిందా, రెండూ. పదిహేను కిక్కులు కొట్టాక జాబితా దానంతటదే తయారవుతుంది. తరచూ ఆ జాబితాలో మీ గొప్ప స్ట్రైకర్ ఉండడు, నోరు మెదపని లెఫ్ట్‌బ్యాక్ ఉంటాడు. కాగితాన్నే నమ్మండి. ఐదుగురిని కాదు, పదకొండు మందినీ వరుసలో పెట్టుకోండి. ఐదేసి కిక్కుల తర్వాతా సమమైతే వచ్చే సడెన్ డెత్‌లో ఆరోవాడు ఎవరని అప్పుడు వెతుక్కోవద్దు.

కీపర్‌కు: కిక్కు కొట్టే క్షణానికి కనీసం ఒక పాదం కొంతైనా గీత మీద, లేదా గీతకు సరిగ్గా పైన, లేదా గీత వెనక ఉండాలి. ముందే దూకితే ఆపినా మళ్లీ కొట్టిస్తారు. గీత పక్కన మీరే కూర్చుని చూడండి.

ఇంకొకటి. ఆట ముగిసినప్పుడు మైదానంలో ఉన్నవాళ్లే షూటౌట్‌లో కొట్టగలరు. చివరి ఐదు నిమిషాల్లో అలసిపోయాడని మీ ఖాయమైన కిక్కర్‌ను బయటికి తీసేయకండి. నేనోసారి తీశాను.

7. కష్టకాలాన్ని ముందే ఆడించండి

రెండో వారంలో పది నిమిషాల చిన్న మ్యాచ్‌లు పెట్టండి, ప్రతిదానికీ ఒక కథ. "మనం 0-1, ఎనిమిది నిమిషాలే ఉంది." "మనం 1-0, పదిమందిమే ఉన్నాం." "రిఫరీ మనకు రావాల్సిన పెనాల్టీ ఇవ్వలేదు." మూడోదానికి మీరే రిఫరీగా ఉండి కావాలని తప్పుడు నిర్ణయాలు ఇవ్వండి. ఎవడు నోరు పారేసుకుంటాడో తెలుస్తుంది. రిఫరీతో మాట్లాడేది కెప్టెన్ ఒక్కడే అని అప్పుడు చెప్పండి, అప్పుడైతే ఎక్కుతుంది.

8. తిండి, నీళ్లు, నిద్ర, బూట్లు

ముందురోజు రాత్రి అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు. మ్యాచ్ రోజు మూడు గంటల ముందు ఇడ్లీయో, ఉప్మానో, రాగిజావో. రోజూ తినేదే తినాలి. ఊరి పెద్దాయన ఎవరో "మన పిల్లలు గెలవాలి" అని ముందురోజు బిర్యానీ పెట్టిస్తానంటే దండం పెట్టి, మ్యాచ్ అయ్యాక పెట్టించమనండి. పూరీలు, బజ్జీలు, కూల్‌డ్రింకులు, ఎనర్జీ డ్రింకులు వద్దు. ఆటకు అరగంట ముందు ఒక అరటిపండు.

నీళ్ల సంగతి కొలిచి చూడాలి. ఒక ఎండ రోజు ప్రాక్టీసుకు ముందూ తర్వాతా పిల్లల బరువు తూయండి. 50 కిలోల పిల్లవాడు కిలో దాకా తగ్గాడంటే చాలినన్ని నీళ్లు తాగట్లేదు. మూత్రం రంగు కూడా చూసుకోమనండి. ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలడం లేదని. ఓఆర్‌ఎస్ పొట్లం మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్లలోనే కలపాలి, రుచి కోసం చిక్కగా చేయొద్దు. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, తలకొట్టుగా.

హెచ్చరిక: ఎండలో ఆడుతున్న పిల్లవాడు తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతున్నాడంటే అది అలసట కాదు, వడదెబ్బ. నీడలోకి తెచ్చి ఒళ్లంతా నీళ్లు పోస్తూ, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి.

తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా, స్కోరు ఎంతో చెప్పలేకపోయినా వాడి ఆట ఆ రోజుకు సరి. డాక్టరుకు చూపించాల్సిందే. 1962 జకార్తా ఏషియన్ క్రీడల్లో జర్నైల్ సింగ్ తలకు కుట్లతో ఫార్వర్డ్‌గా ఆడి దక్షిణ కొరియాతో ఫైనల్‌లో గోల్ కొట్టాడు, మనం 2-1తో గెలిచాం. ఆ కథ పిల్లలకు చెప్పండి. కుట్లున్న పిల్లవాడిని మాత్రం దించకండి. అది 1962, వాళ్లు పెద్దవాళ్లు, వీళ్లు మన చేతికి అప్పజెప్పిన పిల్లలు.

కొత్త బూట్లు ఎవరైనా దానం చేస్తే మొదటి వారంలోనే ఇప్పించండి. సెమీఫైనల్ రోజు కొత్త బూట్లు అంటే మొదటి సగంలోనే మడమలు బొబ్బలు.

నిద్రకు నా చిట్కా ఒకటే: రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి నా దిండు కింద పెట్టుకుంటాను. మొదటి రోజు గొణుగుతారు.

9. మ్యాచ్ రోజు

మైదానానికి గంటంపావు ముందు చేరండి. గడ్డి పొడవు, గుంతలు, ఏ గోల్ వైపు ఎండ పడుతుందో కీపర్‌తో కలిసి నడిచి చూడండి. టాస్ గెలిస్తే కెప్టెన్ ఏం కోరాలో అక్కడే తేల్చండి.

వార్మప్ 20 నుంచి 25 నిమిషాలు. ఫిఫా 11+ అనే వార్మప్ క్రమం మీలో చాలామందికి తెలుసు, రోజువారీ ప్రాక్టీసుకు అది పూర్తిగా వాడండి. మ్యాచ్ రోజున మధ్యలోని బలం కసరత్తులు వదిలేసి, మొదటి, చివరి భాగాల్లోని పరుగులు మాత్రమే. ఆ తర్వాత బంతితో పాసులు, కీపర్‌కు విడిగా పది షాట్లు. మ్యాచ్ మొదలయ్యేముందు పది నిమిషాలు ఎండలో వరుసగా నిలబెట్టి అతిథుల ఉపన్యాసాలు వినిపిస్తారు. అది మీ చేతుల్లో లేదు, ఆ తర్వాత రెండు నిమిషాలు మళ్లీ పరుగులు పెట్టించడం మీ చేతుల్లో ఉంది.

హాఫ్‌టైమ్‌లో మొదటి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు, మీరు కూడా. నీళ్లు తాగనివ్వండి. తర్వాత రెండు మాటలు, మహా అయితే మూడు. "లెఫ్ట్‌లో ఏడో నంబరు వాడిని వదిలేస్తున్నాం, నువ్వు పట్టుకో" లాంటివి. "మనసు పెట్టి ఆడండ్రా" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. తిట్టాలనిపిస్తే నోట్‌బుక్‌లో రాసుకోండి.

10. అదే రోజు ఇంకో మ్యాచ్ ఉంటే

మన టోర్నీల్లో పొద్దున క్వార్టర్స్, సాయంత్రం సెమీస్ మామూలే. గెలిచిన సంతోషంలో పిల్లలు ఎండలో తిరుగుతూ ఐస్‌ఫ్రూట్లు తింటారు, సాయంత్రానికి కాళ్లు పట్టేస్తాయి.

విజిల్ పడ్డ ఐదు నిమిషాలు నడక. అరగంటలోపు అరటిపండ్లు, చిక్కీ, ఓఆర్‌ఎస్. తడి బనియన్లు మార్పించండి. గంటన్నరలోపు కొంచెం పెరుగన్నం, కడుపు నిండా కాదు. నిర్వాహకుల భోజనం రెండింటికి వచ్చి మూడింటికి మ్యాచ్ అంటే ఆ భోజనం పొట్లం కట్టించి దాచండి. బూట్లు విప్పి, నీడలో, కాళ్లు బ్యాగుల మీద పెట్టుకుని పడుకోబెట్టండి. సాయంత్రం వార్మప్ పావుగంట చాలు.

పొద్దున గాయపడ్డవాడు "బాగానే ఉంది సార్" అంటాడు, ఎప్పుడూ అంటాడు. నమ్మకండి. దెబ్బ తగిలిన కాలి మీద ఒక్కదానితోనే ఐదుసార్లు గెంతమనండి, 20 మీటర్లు పరిగెత్తి ఒక్కసారిగా పక్కకు తిరగమనండి. ముఖం చూడండి, కాలు కాదు. ముఖం చిట్లించాడంటే వాడు బెంచ్ మీద.

చివరి తనిఖీ ఎప్పుడు?

నాకౌట్‌కు ఏడు రోజుల ముందు మళ్లీ పూర్తి మ్యాచ్ పెట్టి, రెండో రోజు మడిచి దాచిన పేజీ తీయండి. మన సగంలో పోగొట్టుకున్న బంతులు తగ్గాయా? ఆగిన బంతి నుంచి వచ్చే ప్రమాదం సగానికైనా పడిందా? చివరి పది నిమిషాల్లో నడిచేవాళ్ల పేర్లు అవేనా, మారాయా? మూడింటిలో రెండు బాగుపడితే ఇక ఏమీ ముట్టుకోకండి. ఒక్కటీ బాగుపడకపోతే పైన 4, 7 నంబర్లలో చెప్పినవి పక్కన పెట్టి 5లో చెప్పిన ఆగిన బంతి ఒక్కటే పట్టుకోండి. మిగిలిన వారంలో ఫలితమిచ్చేది అదొక్కటే.

ఓడినా గెలిచినా నోట్‌బుక్ పారేయకండి, వచ్చే జూన్‌లో మొదటి రోజు అదే కావాలి. బస్సెక్కేముందు బంతులు లెక్కపెట్టుకోండి. ఆరుతో వెళ్లినవాళ్లు ఐదుతో వస్తారు.